1881లో ఓడెక్కి వచ్చిన జర్మన్ కుటుంబం: ప్రయాణికుల జాబితాల్లో ఊరి పేరు దొరుకుతుందా?

సుజాత_మిల్వాకీ
అందరికీ నమస్కారం. మా ఆయన ఇక్కడి విస్కాన్సిన్ వాడే. వాళ్ళ అమ్మగారి వైపు వాళ్ళు జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు. మా అత్తయ్యకి ఈ అక్టోబరుతో ఎనభై నిండుతాయి. ఆ రోజుకి ఆవిడకి వాళ్ళ పూర్వీకుల ఊరి పేరు చెప్పాలని నా కోరిక.

తెలిసినవి ఇవీ. అత్తయ్య పుట్టింటి పేరు ష్రేడర్. వాళ్ళ తాతగారు నాలుగేళ్ళ పిల్లాడిగా అమ్మానాన్నలతో 1881లో వచ్చారు. నాన్న పేరు హెన్రీ, అమ్మ పేరు మిన్నీ. ఓడ బ్రెమెన్ నుంచి బయలుదేరిందని, న్యూయార్క్‌లో వలసవాళ్ళు దిగే ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారి ఇంటిపేరు మార్చి రాశాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ ఊరని అడిగితే "ప్రష్యా" అంటారు. అది ఊరు కాదు, అప్పటి జర్మనీలో పెద్ద రాజ్యం. అంతకు మించి ఎవరికీ తెలియదు. మిన్నీ గారి పుట్టింటి పేరు కూడా తెలియదు.

ఇంకో సంగతి. చర్చి పక్క శ్మశానంలో వీళ్ళ సమాధుల వరసలోనే క్రూగర్ అనే ఇంటిపేరుతో ఒక ముసలావిడ రాయి ఉంది. 1820లో పుట్టి 1893లో పోయినట్టు చెక్కి ఉంది. ఆవిడ ఎవరో ఎవరూ చెప్పలేకపోయారు. పక్కింటివాళ్ళేమో అనుకుంటారు.

మా తాతయ్య ఏడు తరాల పేర్లు, ఊళ్ళు నోటికి చెప్పేవారు. ఒకసారి అత్తయ్యకి ఆ మాట చెబితే "నీకు ఊరైనా ఉందమ్మా" అన్నారు. అప్పటినుంచి నాకు మనసులో అదే. నెల రోజులుగా పేర్లు కొట్టి వెతుకుతున్నాను, ఏమీ దొరకలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

లైబ్రరీ_పద్మ
సుజాత గారూ, నేను సిన్సినాటిలో ఒక పబ్లిక్ లైబ్రరీలో వంశవృక్షాల విభాగంలో పందొమ్మిదేళ్ళు పనిచేశాను. ఇక్కడ జర్మన్ కుటుంబాలు చాలా ఎక్కువ, రోజూ ఇదే ప్రశ్న వచ్చేది. మీకు ముందు రెండు విషయాలు చెప్పాలి. వినడానికి నిరుత్సాహంగా ఉంటాయి గానీ, ఇవి తెలిస్తే మీ టైమ్ చాలా కలిసొస్తుంది.

మొదటిది. 1881లో ఎల్లిస్ ఐలాండ్ లేదు. అది 1892 జనవరి 1న తెరిచారు. 1855 నుంచి 1890 దాకా న్యూయార్క్‌లో దిగిన వలసవాళ్ళలో దాదాపు అందరూ కాసిల్ గార్డెన్ అనే అప్పటి వలస కేంద్రం గుండా వచ్చారు. ఇక పేర్లు మార్చడం అనేది ఎల్లిస్ ఐలాండ్‌లోనూ జరిగింది కాదు. అక్కడి అధికారులు పేర్లు రాసేవారు కాదు. ఓడ కంపెనీ గుమస్తాలు బయలుదేరే రేవులోనే రాసిన జాబితా చేతిలో పెట్టుకుని, ఒక్కొక్కరినీ పిలిచి సరిచూసేవారు. పేరు మారడం ఎక్కువగా ఆ తర్వాత, ఇక్కడ బతుకుతుండగా జరిగింది. స్కూల్లో టీచరు ఒకలా రాస్తే, పొలం రిజిస్టర్ చేసిన గుమస్తా ఇంకోలా రాసేవాడు. కొన్నేళ్ళకి ఇంటివాళ్ళే దానికి అలవాటు పడిపోయేవారు.

మీది బహుశా ష్రోడర్ అయి ఉంటుంది. జర్మన్‌లో ఆ 'ఓ' మీద రెండు చుక్కలు ఉంటాయి. ఆ శబ్దం మన 'ఓ'కీ 'ఏ'కీ మధ్యలో పలుకుతుంది. ఇంగ్లీషు చెవికి 'ఏ'లా వినిపించి ష్రేడర్ అయిపోయింది. హెన్రీ అసలు పేరు హైన్రిష్, మిన్నీ అంటే విల్హెల్మీనె. ఇంకొకటి గుర్తుంచుకోండి. జర్మన్ లూథరన్ కుటుంబాల్లో పిల్లలకి బాప్టిజంలో రెండు మూడు పేర్లు పెట్టేవారు. పిలిచే పేరు తరచుగా రెండోది లేదా మూడోది. కాబట్టి ఆయన చర్చి పుస్తకంలో యోహాన్ హైన్రిష్ అనో కార్ల్ హైన్రిష్ అనో ఉండొచ్చు.

రెండోది బ్రెమెన్ సంగతి. ఇది నాకు ఎప్పుడు చెప్పినా బాధేస్తుంది. బ్రెమెన్ నగరం 1832 నుంచే ప్రయాణికుల జాబితాలు రాయించింది. కానీ 1875 నుంచి 1908 దాకా, దాచడానికి చోటు లేదని మూడేళ్ళు దాటిన జాబితాలన్నీ పారేశారు. ఆ తర్వాతవి చాలావరకు రెండో ప్రపంచయుద్ధంలో పోయాయి. 1920 నుంచి 1939 మధ్య జాబితాలు కొన్ని మాత్రం, యుద్ధకాలంలో ఉప్పు గనిలో దాచినవి, మాస్కో చేరి మిగిలాయి. వాటిని బ్రెమెన్‌లోని 'డీ మౌస్' అనే వంశచరిత్ర సంఘం వాళ్ళు ఎక్కించి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. కానీ 1881కి బ్రెమెన్ వైపు కాగితం అనేదే లేదు.

ఇటువైపు కాగితం ఉంది. 1819లో అమెరికా చేసిన చట్టం వల్ల 1820 నుంచి ప్రతి ఓడ కెప్టెనూ ప్రయాణికుల జాబితాని కస్టమ్స్ వాళ్ళకి ఇవ్వాలి. 1897లో ఎల్లిస్ ఐలాండ్‌లో అగ్నిప్రమాదం జరిగినా ఆ కస్టమ్స్ జాబితాలు వేరేచోట ఉండటంతో బతికాయి. ఎల్లిస్ ఐలాండ్ ఫౌండేషన్ సైట్‌లోనూ ఫ్యామిలీసెర్చ్‌లోనూ ఉచితంగా వెతకొచ్చు. స్టీవ్ మోర్స్ అనే ఆయన తయారుచేసిన వన్-స్టెప్ పేజీ ద్వారా వెతికితే స్పెల్లింగ్ తేడాలు ఉన్నా దొరుకుతాయి.

ముందు అది వెతకండి. కానీ ఆశ అదుపులో పెట్టుకోండి. 1881 నాటి కస్టమ్స్ జాబితాలో పేరు, వయసు, ఆడా మగా, వృత్తి, ఏ దేశం అన్నవే ఉంటాయి. ఊరు దాదాపు ఉండదు.

కిరణ్_ఒమాహా
పద్మ గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి జోడిస్తాను. మా ఆవిడ వాళ్ళదీ జర్మన్ మూలమే, ఇంటిపేరు ష్మిట్. నేను తొందరపడి ఒక పరిశోధకుడికి 400 డాలర్లు ఇచ్చాను. ఆయన చక్కగా రంగుల కాగితం మీద వంశవృక్షం వేసి పంపాడు. ఏడాది తర్వాత తెలిసింది, అది అదే సంవత్సరం వచ్చిన ఇంకో ష్మిట్ కుటుంబం. పేరు, వయసు కలిస్తే చాలనుకున్నాడాయన. పిల్లల పేర్లు కలవలేదని నేనూ చూసుకోలేదు.

సుజాత గారూ, తండ్రి ఒక్కడి పేరుతో ఎప్పుడూ నిర్ణయించకండి. భార్య, పిల్లలు, వాళ్ళ వయసుల వరస మొత్తం కలవాలి. పెద్దవాళ్ళ వయసు జాబితాల్లో రెండు మూడేళ్ళు అటూఇటూ ఉంటుంది. కానీ పిల్లల క్రమం మారదు.

హాంబర్గ్_రవి
నేను హాంబర్గ్‌లో ఉంటాను. పద్మ గారు బ్రెమెన్ గురించి చెప్పినది నిజమే. కానీ ఇంట్లో "బ్రెమెన్" అని చెప్పుకున్నంత మాత్రాన బ్రెమెనే కానక్కర్లేదు. నాలుగేళ్ళ పిల్లాడు పెద్దయ్యాక చెప్పిన మాట కదా. హాంబర్గ్ కూడా చూడండి.

హాంబర్గ్ జాబితాలు 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం వల్ల 1915 నుంచి 1919 వరకు ఖాళీ. సుమారు 50 లక్షల మంది పేర్లు వాటిలో ఉన్నాయి. అసలు పుస్తకాలు ఇక్కడి రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉన్నాయి. వీటి విలువంతా ఒకే ఒక్క గడిలో ఉంది: "ఇంతకుముందు నివసించిన ఊరు". అమెరికా జాబితాలో లేనిది అదే.

ఇవి రెండు రకాలు. హాంబర్గ్ నుంచి నేరుగా అమెరికా వెళ్ళిన ఓడలవి ఒక వరస. ఇంగ్లండ్ మీదుగా వెళ్ళినవాళ్ళవి ఇంకో వరస. ఈ రెండోది 1854 నుంచి 1910 దాకా విడిగా ఉంటుంది. చాలామందికి ఈ రెండో వరస ఉందనే తెలియదు. చందా కట్టే ఒక పెద్ద వెబ్‌సైట్‌లో ఇవి స్కాన్ చేసి ఉన్నాయి. అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఆ సైట్ ఉచితంగానే చూడొచ్చు. పద్మ గారికి తెలిసే ఉంటుంది.

లైబ్రరీ_పద్మ
అవును, మిల్వాకీ చుట్టుపక్కల కూడా చూసుకోవచ్చు. లైబ్రరీకి వెళ్ళి డెస్క్‌లో అడగండి సుజాత గారూ.

ఒక సలహా మాత్రం ముందే ఇస్తున్నాను. ఓడ కంటే ముందు చర్చి. ఆ శ్మశానం ఏ చర్చిదో ఆ చర్చి పాత పుస్తకాలు అడగండి. విస్కాన్సిన్ లూథరన్ పాస్టర్లు చాలామంది మరణాల నమోదులో పుట్టిన ఊరు రాసేవారు. ఆ రోజుల జర్మన్ పత్రికల్లో వచ్చిన మరణవార్తల్లోనూ ఊరు ఉంటుంది. 1900 జనాభా లెక్కల్లో వచ్చిన సంవత్సరం అనే గడి ఉంది, అదీ సరిచూడండి. ఇక్కడ పిల్లలందరి పుట్టిన సంవత్సరాలూ రాసుకున్నాకే ఓడ వైపు వెళ్ళాలి.

సుజాత_మిల్వాకీ
పది రోజుల తర్వాత వస్తున్నాను. ముందుగా అందరికీ చాలా థాంక్స్.

1900 లెక్కల్లో 1881 అనే ఉంది. చర్చి సెక్రటరీ చాలా ఓపికగా పాత పుస్తకం తీసి చూపించారు. 1893 దాకా ఇంటిపేరు ష్రోడర్, రెండు చుక్కలతోనే ఉంది. ష్రేడర్ అని మొదట కనిపించింది 1906లో, తాతగారి పెళ్ళి నమోదులో. అంటే వచ్చాక కనీసం పన్నెండేళ్ళు వాళ్ళు అదే పేరుతో ఉన్నారు! ఏ అధికారీ మార్చలేదు. అత్తయ్యకి చెబితే కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "మా నాన్న ఆ కథ ఎంత గట్టిగా చెప్పేవాడో" అన్నారు. ఊరి పేరు ఉండాల్సిన పేజీకి మాత్రం నీళ్ళు తగిలి సిరా అలుక్కుపోయింది. "పొమ్" అన్న మొదటి భాగం తప్ప కనిపించలేదు.

న్యూయార్క్ జాబితా దొరికింది. నాలుగు గంటలు పట్టింది. హైన్రిష్, 34. విల్హెల్మీనె, 31. పిల్లలు ముగ్గురు: 7, 4, ఇంకొకరికి 11 నెలలు. మన చర్చి పుస్తకంతో వరస సరిగ్గా కలిసింది కిరణ్ గారూ, మీరు చెప్పినట్టే చూసుకున్నాను. కానీ దేశం అన్న గడిలో "జర్మనీ", కింద అందరికీ అదే అని గీతలు. అంతే.

ఇంకో చిక్కు. ఆ ఓడ బ్రెమెన్ నుంచీ రాలేదు, హాంబర్గ్ నుంచీ రాలేదు. లివర్‌పూల్ నుంచి వచ్చింది. వీళ్ళు ఇంగ్లండ్‌లో ఏం చేస్తున్నట్టు? నేను పట్టుకున్నది వేరే కుటుంబమా అని టెన్షన్ మొదలైంది.

హాంబర్గ్_రవి
సుజాత గారూ, టెన్షన్ వద్దు. ఇది మంచి వార్త!

"పొమ్" అంటే పొమ్మర్న్. బాల్టిక్ తీరంలో ప్రష్యాకి చెందిన ప్రాంతం. విస్కాన్సిన్‌కి అక్కడి నుంచి 1839 నుంచే జనం వెళ్ళారు. ఆ తొలి గుంపులు ప్రష్యా రాజు తెచ్చిన కొత్త చర్చి పద్ధతి ఒప్పుకోని పాత లూథరన్లు. 1880ల్లో వెళ్ళినవాళ్ళది మాత్రం బతుకుతెరువు. పొమ్మర్న్‌లో భూమి పెద్ద జమీందారుల చేతుల్లో ఉండేది. భూమి లేని కూలీకి అక్కడ ఎంత కష్టపడినా ఎకరం దక్కదు. విస్కాన్సిన్‌లో దక్కుతుందని ముందు వెళ్ళినవాళ్ళు ఉత్తరాలు రాసేవారు. 1882 ఒక్క ఏడాదిలోనే జర్మనీ నుంచి అమెరికాకి రెండున్నర లక్షల మంది వెళ్ళారు.

ఇక లివర్‌పూల్. నేను చెప్పిన రెండో వరస ఇదే. హాంబర్గ్‌లో చిన్న స్టీమర్ ఎక్కి ఉత్తర సముద్రం దాటి ఇంగ్లండ్ తూర్పు తీరంలో హల్ రేవులో దిగేవారు. అక్కడి నుంచి రైలులో దేశం అడ్డంగా దాటి లివర్‌పూల్. అక్కడ అట్లాంటిక్ ఓడ. ఇన్నిసార్లు దిగి ఎక్కినా మొత్తం టికెట్ చవక పడేది. అందుకని కూలీ కుటుంబాలు ఎక్కువగా ఈ దారి పట్టాయి.

హాంబర్గ్ పుస్తకంలో రాసే ఓడ పేరు హల్ దాకా వెళ్ళే స్టీమరుది. న్యూయార్క్‌లో ఉన్న ఓడ పేరుతో అది ఎప్పటికీ కలవదు. ఓడ పేరుతో వెతికితే దొరకరు. మీకు న్యూయార్క్ చేరిన తేదీ తెలుసు కదా. దానికి రెండు మూడు వారాలు వెనక్కి వెళ్ళి, ఆ రెండో వరసలో, అంటే పరోక్ష జాబితాల్లో, పేజీలు ఒక్కొక్కటే తిప్పండి. ఇంగ్లండ్ వైపు జాబితాలు చూద్దామనుకుంటే, అక్కడి నుంచి బయటికి వెళ్ళినవాళ్ళవి 1890 నుంచే మిగిలాయి. కాబట్టి హాంబర్గే దిక్కు.

లైబ్రరీ_పద్మ
రవి గారూ, బాగా చెప్పారు. సుజాత గారూ, వెబ్‌సైట్ వాళ్ళు వెతకడానికి ఎక్కించిన పేర్ల ఇండెక్స్‌లో ష్రోడర్ దొరక్కపోతే నిరాశపడకండి. పాత జర్మన్ చేతిరాత చదవడం రాని వాళ్ళు ఇండెక్స్ చేసినవి చాలా ఉన్నాయి. మొదటి రెండు అక్షరాలు, చివరి అక్షరం ఇచ్చి మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి. లేదా ఇంటిపేరు పూర్తిగా వదిలేసి, విల్హెల్మీనె 31, నెల, సంవత్సరం ఇచ్చి చూడండి.

గుంటూరు_మాస్టారు
నమస్తే. నేను రిటైర్డ్ టీచర్ని. ఈ చర్చ చదువుతుంటే ఒక విషయం చెప్పాలనిపించింది, ప్రశ్నకి కాస్త పక్కగా అయినా.

మా గుంటూరులో ఫాదర్ హెయ్యర్ పేరు తెలియనివాళ్ళు తక్కువ. 1842లో ఇక్కడికి వచ్చి అమెరికన్ లూథరన్ మిషన్ మొదలుపెట్టిన పాస్టర్ ఆయన. అందరూ అమెరికా నుంచి వచ్చారంటారు. కానీ ఆయన పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్ ఊళ్ళో, 1793లో. నెపోలియన్ యుద్ధాల కాలంలో, 1807లో, పద్నాలుగేళ్ళ వయసులో తల్లిదండ్రులు ఆయన్ని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి పంపారు. అంటే మన ఊళ్ళో బళ్ళు పెట్టించిన మనిషీ సుజాత గారి అత్తగారి తాతగారిలా జర్మనీ నుంచి చిన్నతనంలో ఓడెక్కి వచ్చినవారే.

పద్మ గారికి ఒక ప్రశ్న. 1820కి ముందు వచ్చినవాళ్ళకి ఇలాంటి జాబితాలు ఉండవా?

లైబ్రరీ_పద్మ
మాస్టారూ, ఇది నాకు తెలియదు, చాలా సంతోషం. మా అమ్మమ్మ ఊరు నరసరావుపేట దగ్గరే.

1820కి ముందు దేశం మొత్తానికీ ఒక చట్టం అంటూ లేదు. ఫిలడెల్ఫియాకి మాత్రం ప్రత్యేకంగా కొన్ని ఉన్నాయి. జర్మన్లు ఎక్కువైపోతున్నారని పెన్సిల్వేనియా ప్రభుత్వం 1727 నుంచి, ఓడ దిగిన మగవాళ్ళ చేత బ్రిటిష్ రాజుకి విధేయత ప్రమాణం చేయించి సంతకాలు తీసుకునేది. సాధారణంగా పదహారేళ్ళు దాటిన మగవాళ్ళ పేర్లే ఉంటాయి, ఆడవాళ్ళు పిల్లలు కనిపించరు. ఊరు కూడా ఉండదు. కానీ ఆ మనిషి సొంత చేత్తో పెట్టిన సంతకం కనిపిస్తుంది చూడండి, వంశంవాళ్ళకి అది చాలా పెద్ద విషయం. చదువు రానివాళ్ళు పెట్టిన గుర్తులు కూడా అలాగే ఉన్నాయి.

సుజాత_మిల్వాకీ
దొరికారు!!!

నిన్న సాయంత్రం లైబ్రరీ మూసే టైమ్‌కి. పరోక్ష జాబితాల్లో ఏప్రిల్ నెల పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఉంటే పదిహేడో పేజీలో కనిపించారు. హైన్రిష్, విల్హెల్మీనె, ముగ్గురు పిల్లలు. ఇండెక్స్‌లో ఇంటిపేరు ష్నేడర్ అని ఎక్కించారు. నెల రోజులుగా నాకు ఎందుకు దొరకలేదో ఇప్పుడు అర్థమైంది. వృత్తి అన్నచోట ఉన్న పదం కూలీ అని అర్థమిచ్చేదని లైబ్రరీ ఆవిడ చెప్పారు.

ఊరి గడిలో ఇండెక్స్ ప్రకారం "నాన్‌గార్డ్" అని ఉంది. గూగుల్‌లో కొట్టాను, మ్యాప్‌లో కొట్టాను. అలాంటి ఊరే లేదు. స్క్రీన్‌షాట్ పెడుతున్నాను, రవి గారూ చూస్తారా? మన కుటుంబం కిందే ఇంకో వరస ఉంది, దానికీ అదే ఊరు. ఇంటిపేరు చదవలేకపోయాను. ముందు "డబ్ల్యూ డబ్ల్యూ ఈ" అని మూడు అక్షరాలున్నాయి, అది ఆవిడ పేరేమో. వయసు 61.

హాంబర్గ్_రవి
చూశాను. కాస్త నిదానంగా చదవండి.

ఇది కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత. ఇందులో 'ఎన్', 'యు', 'ఈ' అక్షరాలు మూడూ పైకీ కిందికీ వెళ్ళే గీతల్లాగే ఉంటాయి, కొత్తవాళ్ళకి తేడా తెలియదు. అందుకని 'యు' మీద ఒక చిన్న వంపు గీత పెట్టేవారు, మన అక్షరాల మీద తలకట్టు పెట్టినట్టు. మీ స్క్రీన్‌షాట్‌లో మూడో అక్షరం మీద ఆ వంపు స్పష్టంగా ఉంది. ఇండెక్స్ చేసినవాళ్ళు దాన్ని మరక అనుకుని ఉంటారు.

కాబట్టి అది నాన్‌గార్డ్ కాదు. నౌగార్డ్. పొమ్మర్న్‌లోనే ఉంది, ఒక జిల్లాకి ముఖ్యపట్టణం. మీ చర్చి పుస్తకంలో మిగిలిన "పొమ్" దీనితో కలిసిపోయింది.

ఆ మూడు అక్షరాలు పేరు కాదు. విధవ అనే జర్మన్ మాటకి పొట్టి రూపం. దాని తర్వాత ఉన్న ఇంటిపేరు నేను రెండుసార్లు చదివాను, మా ఆఫీసులో ఒక పెద్దాయనకీ చూపించాను. క్రూగర్.

కిరణ్_ఒమాహా
క్రూగర్! సుజాత గారు మొదటి పోస్టులో రాసిన సమాధి! 1881లో 61 అంటే పుట్టింది 1820. రాయి మీద ఉన్నదీ అదే కదా.

సుజాత_మిల్వాకీ
అవును. నేను ఇప్పుడే లెక్కేసి చూసుకున్నాను. చేతులు వణుకుతున్నాయి. న్యూయార్క్ జాబితా మళ్ళీ తీశాను. అక్కడ ఆవిడ పద్నాలుగు వరసల కింద, వేరే కుటుంబాల మధ్యలో ఉంది. అందుకే మొదటిసారి కనిపించలేదు. ఆవిడ మిన్నీ గారి అమ్మే అయి ఉండాలి కదా?

లైబ్రరీ_పద్మ
చాలా బలంగా అలా అనిపిస్తోంది. అయినా ఇంకా రుజువు కాలేదు. హైన్రిష్ గారి అమ్మ రెండో పెళ్ళి చేసుకుని క్రూగర్ అయి ఉండవచ్చు. పిన్నో అత్తో అయినా కావచ్చు. చర్చిలో ఆవిడ 1893 మరణ నమోదు ఉంటుంది, అందులో "ఎవరి తల్లి" అని రాశారేమో చూడండి. పిల్లల బాప్టిజం నమోదుల్లో తల్లి పుట్టింటి పేరు రాయడం లూథరన్ చర్చిల్లో మామూలే. విస్కాన్సిన్‌లో పుట్టిన పిల్లలు ఎవరైనా ఉంటే ముందు ఆ పేజీ తీయించండి.

ఒక జాబితాలో మన కుటుంబానికి పైనా కిందా ఉన్న పదేసి వరసలు తప్పకుండా రాసుకోవాలి. ఒకే ఊరివాళ్ళు కలిసి బయలుదేరేవారు. కలిసి టికెట్ కొనేవారు, కాబట్టి జాబితాలోనూ పక్కపక్కన ఉంటారు. ఇక్కడికి వచ్చాక పొలాలూ పక్కపక్కనే కొన్నారు, పెళ్ళిళ్ళూ వాళ్ళలో వాళ్ళకే జరిగాయి. మనవాళ్ళ ఊరు దొరక్కపోయినా పక్కవరస వాళ్ళ ఊరు దొరికితే దారి తెలుస్తుంది.

డర్బన్_లక్ష్మి
నేను దక్షిణాఫ్రికా నుంచి. మా ముత్తవ్వ వాళ్ళు మద్రాసు రేవు నుంచి నేటాల్ చెరకు తోటలకి వచ్చిన తెలుగువాళ్ళు. ఆ రేవు నుంచి వచ్చిన మొదటి ఓడ ట్రూరో, 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మా జాబితాల్లో ఒక్కొక్కరికీ ఒక నెంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ రాసి ఉన్నాయి. కూలీల్ని లెక్కపెట్టి తెచ్చారు కాబట్టి అంత వివరంగా రాశారు. అలా రాయడం చూస్తే బాధగా ఉంటుంది. కానీ మాకు ఊరు దొరికింది కూడా దానివల్లే.

పద్మ గారు చెప్పిన పైవరస కిందివరస సంగతి మాకూ పనికొచ్చింది. మా ముత్తవ్వ ఊరు ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో అస్సలు గుర్తుపట్టలేనట్టు ఉండేది. తర్వాతి నెంబరు మనిషిది అదే తాలూకా, ఆ స్పెల్లింగ్ సరిగ్గా ఉంది. దాన్నిబట్టే విశాఖపట్నం జిల్లా అని తేల్చుకున్నాం.

సుజాత_మిల్వాకీ
లక్ష్మి గారూ, మీ మాట చదివి చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను. ఎప్పుడైనా మీ కథ విడిగా ఒక చర్చ పెట్టండి, దయచేసి.

ఇప్పుడు నౌగార్డ్ సంగతి. మ్యాప్‌లో చూస్తే అది పోలండ్‌లో నోవోగార్డ్ అని వస్తోంది. జర్మనీలో లేదు. ఇదేనా?

హాంబర్గ్_రవి
ఇదే. 1945 తర్వాత ఓడర్ నదికి తూర్పున ఉన్న పొమ్మర్న్ అంతా పోలండ్‌లో కలిసింది, ఊళ్ళ పేర్లు మారాయి. ష్టెట్టిన్ ష్చెచిన్ అయినట్టే నౌగార్డ్ నోవోగార్డ్ అయింది. అప్పుడు అక్కడున్న జర్మన్ జనాభా దాదాపు అంతా వెళ్ళిపోయారు లేదా వెళ్ళగొట్టబడ్డారు. ఇప్పుడు అక్కడికి వెళ్ళి ష్రోడర్ల ఇల్లు ఏదని అడిగితే చెప్పేవాళ్ళు ఉండరు. ఇది అత్తయ్యగారికి ముందే నెమ్మదిగా చెప్పండి.

ఇంకో జాగ్రత్త. హాంబర్గ్ గుమస్తా అడిగినప్పుడు చాలామంది చిన్న పల్లె పేరు చెప్పకుండా దగ్గరి పట్టణం పేరు చెప్పేవారు. మనం హైదరాబాద్‌లో ఎవరైనా అడిగితే పల్లె పేరు మానేసి తెనాలి అనో సూర్యాపేట అనో చెబుతామే, అలాగ. కాబట్టి నౌగార్డ్ పట్టణమే కావచ్చు, ఆ జిల్లాలో ఏ ఎస్టేట్ పల్లెయినా కావచ్చు. కూలీ అని రాసి ఉంది కాబట్టి నాకు రెండోదే ఎక్కువ అనిపిస్తోంది.

లైబ్రరీ_పద్మ
రవి గారి మాటే నాదీ. ఇక్కడ మీకు ఒక అదృష్టం ఉంది. ప్రష్యాలో 1874 అక్టోబరు 1 నుంచి పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయడం తప్పనిసరి అయింది. తాతగారు పుట్టింది 1877 కదా. 1881 ఏప్రిల్‌కి ఏడేళ్ళు నిండిన పిల్ల 1874 అక్టోబరుకి ముందే పుట్టి ఉంటుంది. కానీ తాతగారిదీ 11 నెలల బిడ్డదీ రెండూ ఆ నమోదులోకి రావాలి. అందులో తల్లి పుట్టింటి పేరు, ఉంటున్న ఊరు రాస్తారు. మీ రెండు ప్రశ్నలకీ ఒకే కాగితంలో జవాబు.

పొమ్మర్న్ చర్చి పుస్తకాలు 1945లో చాలా పోయాయి. మిగిలినవి కొన్ని జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ వైపు, కొన్ని ష్చెచిన్‌లోని పోలిష్ ప్రభుత్వ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పోలండ్ ఆర్కైవ్‌లన్నిటికీ కలిపి ఒక ఉచిత వెబ్‌సైట్ ఉంది, పేరు 'షుకాయ్ వ్ అర్హివాహ్', "ఆర్కైవ్‌లలో వెతుకు" అని అర్థం. స్కాన్ అయినవి ఇంట్లో కూర్చునే చూడొచ్చు. నౌగార్డ్ జిల్లాలో ఏ పల్లె ఏ నమోదు కార్యాలయం కిందికి వచ్చేదో తెలియాలంటే మేయర్స్ గెజటీర్ అనే పాత జర్మన్ ఊళ్ళ నిఘంటువు చూడండి. 1912 నాటిది, అదీ ఆన్‌లైన్‌లో ఉచితమే. ఊరు కొడితే పాత మ్యాప్‌తో సహా వస్తుంది.

గుంటూరు_మాస్టారు
పోలిష్ వాళ్ళకి ఇంగ్లీషులో రాస్తే జవాబిస్తారా అమ్మా?

హాంబర్గ్_రవి
ఇస్తారు మాస్టారూ, కానీ పోలిష్‌లో రాస్తే త్వరగా ఇస్తారు. నాలుగు వాక్యాలు చాలు. పేరు, పుట్టిన సంవత్సరం, మతం, జిల్లా. మతం తప్పకుండా రాయాలి, లూథరన్ల పుస్తకాలు, కేథలిక్కుల పుస్తకాలు విడివిడిగా ఉంటాయి. మా పక్క ఫ్లాట్‌లో ష్చెచిన్ అమ్మాయి ఉంది. సుజాత గారు ఇంగ్లీషులో రాసి ఇస్తే ఆ అమ్మాయి చేత పోలిష్‌లోకి మార్పించి ఇస్తాను.

సుజాత_మిల్వాకీ
మూడు వారాల తర్వాత.

చర్చి పుస్తకంలో 1884లో ఇక్కడే పుట్టిన పిల్ల బాప్టిజం దొరికింది. తల్లి: విల్హెల్మీనె, పుట్టింటి పేరు క్రూగర్. బాప్టిజం సాక్షుల్లో మొదటి పేరు "విధవ క్రూగర్, అమ్మమ్మ".

మొన్న ఆదివారం అత్తయ్యని శ్మశానానికి తీసుకెళ్ళాం. ఇన్నేళ్ళూ ఆవిడ పూలు పెట్టేటప్పుడు ఆ ఒక్క రాయీ వదిలేసేవారు. ఈసారి ముందు దాని దగ్గరికే వెళ్ళారు. అరవై ఒకటో ఏట భర్త లేకుండా, తిరిగి వెళ్ళలేనని తెలిసి, స్టీమరు, రైలు, మళ్ళీ ఓడ ఎక్కి కూతురి వెంట వచ్చిందని చెప్పాను. అత్తయ్య ఆ రాయి మీద చెయ్యి పెట్టి, "పదకొండు నెలల పసిపిల్లని ఓడలో ఎవరు ఎత్తుకున్నారో ఇప్పుడు తెలిసింది" అన్నారు.

ష్చెచిన్‌కి ఉత్తరం వెళ్ళింది రవి గారూ, మీ పక్కింటి అమ్మాయికి నా తరపున థాంక్స్ చెప్పండి. గెజటీర్‌లో నౌగార్డ్ జిల్లా పల్లెల జాబితా రాసుకుంటున్నాను. జాబితాలో మనవాళ్ళ పైవరస కుటుంబం కూడా నౌగార్డే. వాళ్ళ ఇంటిపేరుతో మా టౌన్‌షిప్‌లో ఇప్పటికీ ఒక పాలకేంద్రం ఉంది. రేపు వాళ్ళకి ఫోన్ చేస్తున్నాను.

లైబ్రరీ_పద్మ
ఫోన్ చేసేముందు వాళ్ళ 1881 వరస స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి పెట్టుకోండి. వాళ్ళింట్లో పాత బైబిల్ ఉందా అని అడగడం మరిచిపోకండి. ఇంటివాళ్ళ పేర్లు, పుట్టుకలు, మరణాలు తరచుగా దాని ముందు అట్టకి లోపలివైపు రాసి ఉంటాయి.